గురివింద ఎత్తు

పోయిన శరత్తులో ఆ మూస్ దుప్పి
కడుపులో తూటాతో రెండు కొండలు దాటింది.
కుక్క ముక్కు వెంట తూరిద్,
తూరిద్ వెంట చీకటి.
మర్నాడు మధ్యాహ్నం బాడవలో దొరికింది.
బతికే ఉంది.

ఆ సంగతి ఆమె ఎవరితోనూ ఎత్తదు.
నామ్సెన్ లోయలో బడి బస్సు తోలుతుంది,
దిగే పిల్లల్ని ఒకటికి రెండుసార్లు లెక్కపెడుతుంది,
రాత్రి నేలమాళిగలోకి దిగి
దీపం మెడ వంచుకుంటుంది.

ముందు ఇత్తడి.
కాలిన గొట్టాలు కడిగి, ఆరబెట్టి,
మెడలు సరిచేసి, పొడవు కత్తిరించి,
బియ్యంలో రాళ్లేరినట్టు
పగులున్నవి ఏరి పారేస్తుంది.
ప్రైమర్ అడుగున సరిగా కూర్చుందో లేదో
వేలికొసతో తడుముతుంది.
ఆ తర్వాత మందు.
త్రాసు ముల్లు కుదుటపడేదాకా ఊపిరి బిగబట్టి
ఒక్కొక్క పలుకే రాలుస్తుంది.
కంసాలి గురివింద గింజ వేసి తూచే బంగారం కన్నా
సన్నని లెక్క ఇది.
ఒక గురివింద ఎత్తుకు దాదాపు రెండు గ్రెయిన్లు.
ఆమె తగవంతా
గ్రెయిన్‌లో పదో వంతుతో.

ఫిబ్రవరి. మంచు తవ్వి బల్ల నిలబెట్టింది.
పుస్తకం చెప్పిన కింది మెట్టు నుంచి మొదలు,
మెట్టుకు ఐదు తూటాలు.
మొదటి కాగితం ఆటలమ్మ పోసిన మొహం.
రెండోది కాస్త నయం.
నాలుగో మెట్టు మీద బోల్టు మొరాయించింది,
ప్రైమర్ మొహం చదునై మెరిసింది.
చాలు, ఆగమన్న మాట అది.
మారు మాట్లాడకుండా రెండు మెట్లు దిగింది.

మార్చి అంతా గాలి. ఒక్క కాగితమూ నమ్మదగింది కాదు.

ఏప్రిల్లో మందు ముట్టుకోలేదు,
గుండును మాత్రం వెంట్రుకవాసి లోపలికి దించింది.
వంద మీటర్ల అవతల ఐదు రంధ్రాలూ
ఒకదాని భుజం మీద ఒకటి చేయి వేసుకున్నాయి,
బస్సులో వెనక సీటు పిల్లల్లాగా.

ఓడ్‌వార్ కాగితం చూసి నవ్వాడు.
"దుప్పి ఊపిరితిత్తులు పెద్ద పెనమంత.
నీకు నాణెమంత గురి దేనికి?"
ఆమె కాఫీ ఊదుకుంది, చాలాసేపు.
"తుపాకి తప్పు ఎంతో తేలిపోతే
మిగిలిందంతా నాదే కదా.
అదెంతో చూద్దామని."

గురివింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు.
ఈ శీతకాలమంతా ఆమె
ఆ గింజను తిరగేస్తూనే ఉంది.

సెప్టెంబరు చివర. నాచు మీద తెల్లని మంచు పొర.
మొదటి రోజు పెద్ద పోతు వచ్చింది,
వంద అడుగుల్లో, వీపు సగం ఇటు తిప్పి,
భుజానికి అడ్డంగా ఒక బర్చ్ కొమ్మ.
అది నమిలినంతసేపూ చూసింది. అది వెళ్లిపోయింది.
రేడియోలో ఓడ్‌వార్:
"చూశావా?"
"చూశా."
"మరి?"
"కుదరలేదు."
బొంయ్‌మంటూ రేడియో కాసేపు, అంతే.

మూడో రోజు చిన్నది, కొమ్ములింకా చిగుళ్లే,
వాగు దాటి పక్కకు తిరిగి నిలబడింది.
చప్పుడు తనకు వినబడినట్టే లేదు.
దుప్పి నడిచింది,
ఏదో మరిచిపోయి గుర్తుచేసుకుంటున్నట్టు ఆగింది,
ముందుకాళ్లు మడిచి కూర్చుంది.
కుక్కను వదలకుండా ఆమె వాచీ చూసుకుంటూ నిలబడింది.

ఓడ్‌వార్ వచ్చి భుజం తట్టాడు.
ఆమె వాగు ఒడ్డు నుంచి దుప్పి దాకా
అడుగులు కొలుస్తోంది.
పదకొండు.
వెనక్కి వెళ్లి మళ్లీ కొలిచింది.
నోటుబుక్కులో మందు ఎత్తు, గుండు లోతు, చలి,
వాటి పక్కన: పదకొండు అడుగులు.
బాగుంది అని రాయలేదు.

అందరూ కత్తులు నూరుకుంటుంటే
తాను కాల్చిన చోటికి ఒక్కతే తిరిగొచ్చి
మోకాళ్ల మీద నాచు వెతికింది.
ఇత్తడి గొట్టం దొరికింది, చల్లబడి.
మళ్లీ నింపితే ఇది ఆరోసారి.
మెడ కింద సన్నని గీత ఒకటి.
గోటితో గీకింది.
మసో, పగులో
ఇక్కడి వెలుగులో తెలియడం లేదు.